‘జెంటూ’ వ్యాకరణం నుంచి జెంటూ లైనక్స్ దాకా: మూలనిర్మిత వ్యవస్థలో ‘కనీసం’ అనే భావన, తెలుగు లిపి స్థానం

వ్యాససంగ్రహం

మూలసంకేతాన్ని తెచ్చుకొని సొంత యంత్రం మీద కంపైల్ చేసి నిర్మించుకొనే యునిక్స్ తరహా వ్యవస్థల్లో ‘అవసరమైనంత మేరకే’ అనే నియమం ఎలా ఏర్పడిందో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఆ నియమాన్ని పాటించేటప్పుడు ‘అనవసరం’ అనే ముద్ర తెలుగు లిపికి సంబంధించిన భాగాల మీద ఎందుకు త్వరగా పడుతుందో సోదాహరణంగా చూపుతుంది. ఒక వ్యవస్థ ఎంత చిన్నది అన్న లెక్క కన్న, అందులోని ప్రతి భాగానికీ నమోదైన కారణం ఉన్నదా లేదా అన్న ప్రశ్నే ‘కనీసానికి’ సరైన కొలమానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మూలసంకేతం, యునిక్స్, జెంటూ, కనీస వ్యవస్థ, తెలుగు లిపి, యూనికోడ్, పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టుపక్కల అశోక్‌నగర్ గదులు, నారాయణగూడ కళాశాలలు – ఈ మూడింటి నడుమ పరిధి చిన్నదే అయినా అక్కడ ప్రతిదినం సాగే చదువు పెద్దది. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారితో పాటు సిద్ధాంతవ్యాసం రాసుకొనే పరిశోధకులూ ఆ గదుల్లోనే ఉంటారు. వారి చేతుల్లో ఉండే ల్యాప్‌టాప్‌లు చాలావరకు పాతవి. అన్నయ్య వాడి ఇచ్చినవో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవో. కొత్త నిర్వాహక వ్యవస్థల బరువును అవి మోయలేవు. యంత్రం పాతబడిందని పారవేయడమా, వ్యవస్థను తేలిక చేసుకొని మరికొన్నేళ్లు వాడుకోవడమా అన్న ప్రశ్న అక్కడ సాంకేతికమైనది మాత్రమే కాదు, ఆర్థికమైనది కూడా.

ఈ వ్యాసకర్త అశోక్‌నగర్‌లో ఉంటూ పరిశోధన చేసిన కాలంలో రెండవ మార్గాన్ని ఎంచుకోవలసి వచ్చింది. జెంటూ లైనక్స్‌ను మూలం నుంచి కంపైల్ చేసుకొని, అక్కరలేదనిపించిన ప్రతిదానినీ తొలగించాక యంత్రం చురుకుగానే నడిచింది. కొన్నాళ్లకు ఒక ప్రాచీన పాఠానికి పదసూచిక తయారుచేసి, ఆ వ్యవస్థతోనే అకారాది క్రమంలో పెట్టించి, నారాయణగూడలో అచ్చుప్రతి తీయించినప్పుడు ౘకార, ౙకారాలతో మొదలయ్యే పదాలన్నీ హకారం తరువాత, పట్టిక చివర కనిపించాయి. తప్పు అచ్చు తీసినవారిది కాదు. ఆ వ్యవస్థ నుంచి తెలుగు లోకేల్‌ను ‘అనవసరం’గా భావించి తొలగించినది ఈ వ్యాసకర్తే. అవసరం, అనవసరం అన్న విభజన ఎవరి ప్రమాణంతో జరుగుతున్నది అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. ఈ వ్యాసం దానికి సమాధానం వెదకే ప్రయత్నం.

2. ‘జెంటూ’ అనే మాట

తెలుగు పరిశోధకులకు ‘జెంటూ’ కొత్త మాట కాదు. పోర్చుగీసువారు క్రైస్తవేతరులను వ్యవహరించిన ‘జెంతియో’ అనే మాట నుంచి అది ఆంగ్లంలోకి వచ్చింది. 1776లో నెథానియల్ హాల్హెడ్ వెలువరించిన ‘జెంటూ’ ధర్మశాస్త్ర సంకలనంలో ఆ మాటకు హిందువులని అర్థం. మద్రాసు పరిసరాల్లో మాత్రం ఆ మాట తెలుగువారికీ, తెలుగు భాషకూ పేరయింది. ఎ.డి. కాంబెల్ 1816లో మద్రాసులో ప్రకటించిన తెలుగు వ్యాకరణం పేరులోనే, ఈ భాషను సామాన్యంగా ‘జెంటూ’ అంటారన్న వివరణ ఉంది. మరుసటి సంవత్సరం విలియం బ్రౌన్ ప్రకటించిన వ్యాకరణం నేరుగా ‘జెంటూ’ భాషా వ్యాకరణమే. 1840లో సి.పి. బ్రౌన్ వ్యాకరణం వచ్చేసరికి శీర్షికలో ‘తెలుగు’ నిలిచింది.

జెంటూ లైనక్స్‌కు ఆ పేరు తెలుగు నుంచి రాలేదు. దానిని రూపొందించిన డేనియల్ రాబిన్స్, నీటిలో అతివేగంగా ఈదే జెంటూ పెంగ్విన్ పేరును ఎంచుకొన్నాడు. ఆ పక్షికి ఆ పేరు పై పోర్చుగీసు మాట నుంచే వచ్చి ఉండవచ్చునని ఆంగ్ల నిఘంటుకారుల ఊహ. కనుక పేరు కలవడం యాదృచ్ఛికమే. దాని మీద ఏ సిద్ధాంతాన్నీ నిలబెట్టనవసరం లేదు. అయితే కాంబెల్ వ్యాకరణానికి చేర్చిన ఒక వ్యాఖ్య వల్ల ఈ పోలికకు పేరును మించిన ప్రయోజనం కలుగుతుంది.

ఆ వ్యాకరణ ఉపోద్ఘాతానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన వ్యాఖ్యలో, దక్షిణభారత భాషలు సంస్కృతజన్యాలు కావన్న వాదం సప్రమాణంగా ముందుకు వచ్చింది. కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణానికి అది 40 ఏళ్లు ముందుది. ఎల్లిస్ తెలుగు ధాతువులను సంస్కృత ధాతువులతో పోల్చాడు. మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ను ప్రమాణంగా తీసుకొని తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగాన్ని చర్చించాడు. తత్సమాలు ఎన్ని చేరినా భాష పునాది వేరుగా ఉన్నదని నిరూపించడం అతని లక్ష్యం. తత్సమాలను తొలగించమని చెప్పడం కాదు. ఏది పునాది, ఏది చేర్పు, చేర్పు ఏ దారిన వచ్చింది – ఈ మూడు ప్రశ్నలే మూలనిర్మిత వ్యవస్థను కనీసంగా ఉంచుకోదలచినవారికి కూడా ఎదురవుతాయి.

3. మూలం, వ్యాఖ్య, నిర్మాణం

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు మొదలుపెట్టిన యునిక్స్, 1973లో సి భాషలోకి మారింది. పెద్ద యంత్రం దొరకని స్థితిలో చిన్న యంత్రం మీద పుట్టినందువల్ల పొదుపు దానికి సిద్ధాంతం కాకముందే అవసరమయింది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ప్రోగ్రాము, వాటిని కలిపే గొట్టం లాంటి ఏర్పాటు – ఈ పద్ధతి అక్కడిదే.

విశ్వవిద్యాలయాలకు యునిక్స్ మూలసంకేతంతో సహా చేరేది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ ఆరవ ప్రచురణ కెర్నల్‌ను, దాదాపు 9,000 పంక్తుల మూలాన్ని, 1977 నాటికి సవ్యాఖ్యానంగా విద్యార్థులకు అందించాడు. ఒక సంపుటంలో మూలం, మరొక దానిలో వ్యాఖ్య. మల్లినాథుని వ్యాఖ్యలతో కావ్యాలు చదివిన సంప్రదాయం ఉన్నవారికి ఈ ఏర్పాటును విడమరచి చెప్పనవసరం లేదు. 1979లో వచ్చిన ఏడవ ప్రచురణ లైసెన్సు తరగతి గదిలో మూలాన్ని బోధించడాన్ని నిషేధించింది. దానితో లయన్స్ వ్యాఖ్య ఫోటోకాపీల రూపంలో చేతులు మారుతూ వచ్చి, 1996లో గాని బహిరంగంగా అచ్చు కాలేదు. బోధనకు మూలం కరవైనందువల్లనే ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ రాశాడు. మినిక్స్ వాడుతూ లినస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ కెర్నల్ ప్రారంభించాడు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక అప్పటికే కంపైలర్ వంటి ఉపకరణాలను సిద్ధం చేసి ఉంచింది.

ఒక మనిషి ఒక విద్యాసంవత్సరంలో చదవగలిగిన 9,000 పంక్తుల కెర్నల్ స్థానంలో ఇప్పుడు మూడు కోట్ల పంక్తులకు పైబడిన లైనక్స్ కెర్నల్ ఉంది. దానిని ఏ ఒక్కరూ ఆద్యంతం చదవలేరు. కనీస వ్యవస్థ అనే ఆకాంక్షకు మూలం ఈ వ్యత్యాసంలో ఉంది. మొత్తం చదవలేకపోయినా, తన యంత్రంలో ఏమేమి ఉన్నదో, ఎందుకు ఉన్నదో అయినా తెలిసి ఉండాలన్నది ఆ ఆకాంక్ష సారాంశం.

1993లో మొదలైన ఫ్రీబీఎస్‌డీ, మూలం నుంచి ప్రోగ్రాములను కంపైల్ చేసే సూచనలను ‘పోర్ట్స్’ పేరుతో ఒక క్రమంలో పెట్టింది. 1999లో గెరార్డ్ బీక్‌మన్స్ ప్రారంభించిన ‘లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ ఒక వ్యవస్థ కాదు, ఒక గ్రంథం. పాఠకుడే ఒక్కొక్క అధ్యాయం చదువుతూ ఒక్కొక్క భాగాన్ని నిర్మించుకోవాలి. రాబిన్స్ ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్ నుంచి గ్రహించిన భావాలతో ‘పోర్టేజ్’ అనే నిర్వహణ సాధనాన్ని రూపొందించాడు. జెంటూ లైనక్స్ 1.0 వెలువడినది 2002లో.

4. ‘కనీసం’ నిలిచే విధానం

జెంటూలో వ్యవస్థను కనీసంగా ఉంచే సాధనాలు ప్రధానంగా మూడు.

మొదటిది ‘వరల్డ్’ పట్టిక. వాడుకరి పేరు పెట్టి కోరిన ప్రోగ్రాములు మాత్రమే అందులో చేరుతాయి. వాటికి ఆధారంగా వచ్చినవి వ్యవస్థలో ఉంటాయి గాని పట్టికలో ఉండవు. ఒక రచయిత ఎంచుకొన్న గ్రంథాలకూ, ఆ గ్రంథాల కోసం తెరవవలసి వచ్చిన నిఘంటువులకూ ఉన్న తేడా ఇది.

రెండవది ‘డెప్‌క్లీన్’. వరల్డ్ పట్టిక నుంచి, మౌలిక వ్యవస్థ నుంచి బయలుదేరి ఆధారాల గొలుసు వెంట పోతే చేరుకోలేని ప్రతి ప్యాకేజీనీ ఇది అనాథగా గుర్తించి తొలగిస్తుంది. కనుక వరల్డ్ పట్టిక శుద్ధంగా లేకపోతే డెప్‌క్లీన్ నిష్ఫలం. ఆధారంగా మాత్రమే కావలసిన లైబ్రరీని పొరపాటున పేరు పెట్టి కోరితే, దాని అవసరం తీరిన తరువాత కూడా అది ఎన్నేళ్లయినా తొలగదు. కొత్తగా నేర్చుకొనేవారి వ్యవస్థలు ఉబ్బిపోవడానికి సామాన్య కారణం ఇదే.

మూడవది ‘యూజ్’ గుర్తులు. ఒక ప్రోగ్రామును స్థాపించాలా వద్దా అన్నది కాక, ఆ ప్రోగ్రాములో ఏ సామర్థ్యాన్ని కంపైల్ చేయాలి, దేనిని విడిచిపెట్టాలి అన్నది ఇవి నిర్ణయిస్తాయి. ముందే కంపైల్ అయి వచ్చే వ్యవస్థల్లో ఈ నిర్ణయం పంపిణీదారులు అందరి కోసం ఒకసారి చేస్తారు. ఇక్కడ ఎవరి కోసం వారే చేసుకొంటారు. మూలం నుంచి నిర్మించుకోవడంలోని అసలు లాభం వేగం కాదు, ఈ నిర్ణయాధికారం. 2023 డిసెంబరు చివర జెంటూ కూడా ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలను విస్తృతంగా అందించడం మొదలుపెట్టింది. పాత ల్యాప్‌టాప్ మీద ఒక బ్రౌజర్ కంపైల్ కావడానికి గంటల కొద్దీ కాలం పట్టే స్థితిలో అది వాడుకరికి పెద్ద ఊరట. తన గుర్తులు ప్రామాణికమైన వాటితో కలిసినచోట సిద్ధప్యాకేజీ తీసుకొని, భేదించినచోట మాత్రమే కంపైల్ చేసుకోవచ్చు.

5. కత్తిరింపులో తెలుగు

ఇంతవరకు చెప్పినది ఏ భాషవారికైనా వర్తిస్తుంది. తెలుగువారికి ప్రత్యేకించి వర్తించేది ఇక్కడి నుంచి.

5.1 సందేశాలు, వరుసక్రమం: దేశభాషల్లో సందేశాలను చూపే సామర్థ్యానికి ‘ఎన్ఎల్ఎస్’ అనే గుర్తు ఉంది. కనీస వ్యవస్థను కోరేవారు మొదట తీసివేసేవాటిలో ఇది ఒకటి. ఆంగ్లంలోనే పనిచేసేవారికి దాని వల్ల పోయేది ఏమీ లేదు. లోకేల్ పట్టికలోనూ ఇదే జరుగుతుంది. తెలుగు లోకేల్ లేని వ్యవస్థ అక్షరాలను వర్ణక్రమంలో కాక, సంకేతసంఖ్యల క్రమంలో పెట్టే అవకాశం ఉంది. యూనికోడ్ మొదటి ప్రచురణ 1991లోనే తెలుగును చేర్చుకొన్నా, ౘ, ౙ అక్షరాలకు స్థానం 2008లో 5.1 ప్రచురణతో దక్కింది. అప్పటికి చ, జల పక్కన ఖాళీ లేనందున వాటికి గుణింతపు గుర్తుల తరువాత చోటు ఇచ్చారు. ఉపోద్ఘాతంలో పేర్కొన్న పదసూచిక తారుమారు కావడానికి కారణం ఇదే.

5.2 ఫాంట్లు: శాసనభాషలో కనిపించే ఴకారం 2014లోనూ, ౚకారం 2015లోనూ, నకారపొల్లు 2021లోనూ యూనికోడ్‌లో చేరాయి. చోటు ఆదా కోసం ఏదో ఒక పాత తెలుగు ఫాంటు చాలునని ఆగిపోయిన వ్యవస్థలో ఇవి ఖాళీ గళ్లుగా కనిపిస్తాయి. వార్తాపత్రిక చదివేవారికి ఆ ఫాంటు చాలు. శాసనపాఠాలను పరిష్కరించేవారికి చాలదు. ఒకే భాషలో కూడా కనీసం ఒకటి కాదు.

5.3 అక్షరసంయోజనం: తెలుగు రాతలో యూనికోడ్ అక్షరాలను వరుసగా పేర్చితే సరిపోదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు కలిసి ‘క్ష’ కావాలి. ఒత్తు కింద చేరాలి. గుణింతం తలకట్టును మార్చాలి. ఈ పనిని ప్రస్తుతం ప్రధానంగా నిర్వహిస్తున్నది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. దానిని ఇప్పటి రూపానికి తెచ్చినది బెహ్‌దాద్ ఎస్ఫాబోద్. పేరు పారసీకం నుంచి వచ్చింది. గ్రీకు, జపనీయ మాటల కలయికతో పేరు పెట్టుకొన్న పాంగో కూడా దీని మీదనే ఆధారపడుతుంది. లిబ్రేఆఫీస్ 2017లో 5.3 ప్రచురణ నుంచి అన్ని వేదికల మీదా ఇదే సంయోజకాన్ని అనుసరించింది. యూనికోడ్ తెలుగును నేరుగా అచ్చు వేయగలిగిన జీటెక్ కూడా దీనినే వాడుతుంది.

కనీసవాదులు మెచ్చుకొనే సాధనాల్లో ఈ పొర ఉండదు. 2006లో మొదలైన డీడబ్ల్యుఎం అనే విండో నిర్వాహకం 2,000 పంక్తులు మించరాదని నియమం పెట్టుకొంది. దాని బంధువర్గంలోని చిన్న మెనూ, చిన్న టెర్మినల్ అక్షరాలను ఎక్స్ఎఫ్‌టీ అనే పాత మార్గంలో నేరుగా తెర మీద పెడతాయి. సంయోజన జరగదు కనుక తెలుగు ఫైలుపేరు విడివిడి అక్షరాలుగా, తేలిపోయిన పొల్లులతో కనిపిస్తుంది. ఎక్స్‌టెర్మ్‌లో కూడా ఇంతే. లైనక్స్ కెర్నల్ ఇచ్చే మౌలిక కన్సోల్‌లో ఒక్కసారికి 512 ఆకారాలకే చోటు. సంయోజన అసలే లేదు. ఈ ప్రోగ్రాముల నిర్మాతలకు తెలుగు మీద వైరం ఉన్నదని అనలేము. అయితే 2,000 పంక్తుల్లో ఇమిడినది అన్న ప్రశంసలో, సంయోజన అక్కరలేని లిపినే ప్రమాణంగా తీసుకొన్నారన్న వాస్తవం దాగి ఉంది.

5.4 టైపింగు: ఇక్కడ మాత్రం తెలుగువారికి అనుకూలమైన పొదుపు ఒకటి ఉంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చినవారికి వేరే ఇన్‌పుట్ వ్యవస్థ అక్కరలేదు. తెర నిర్వహణలో భాగమైన కీబోర్డు పట్టికల్లోనే తెలుగు అమరిక సిద్ధంగా ఉంది. రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతికి అలవాటుపడినవారికి మాత్రం ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ వంటి లైబ్రరీలు కావాలి. అంటే వ్యవస్థ పరిమాణాన్ని ఇక్కడ వాడుకరి వేళ్ల అలవాటు నిర్ణయిస్తున్నది. కనీసం అనేది యంత్రధర్మం కాదనడానికి ఇంతకన్న సూటి నిదర్శనం లేదు.

6. 2024 నాటి ఉదంతం

ఈ ఇబ్బందులన్నీ ఉన్నప్పుడు కనీసాన్ని కోరడమే పొరపాటు కదా అన్న ఆక్షేపణ రావచ్చు. 2024 మార్చి నాటి ఘటన దానికి సమాధానం.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే సాధనం. దాని నిర్వహణలో రెండేళ్లకు పైగా సహకరించి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి, 5.6.0, 5.6.1 ప్రచురణల్లో రహస్యద్వారాన్ని చొప్పించాడు. దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశించడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ లక్ష్యం. నిజానికి ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు ఈ కుదింపు లైబ్రరీతో పని లేదు. కొన్ని పంపిణీలు దానిని సిస్టమ్‌డీతో అనుసంధానించడానికి ఒక అతుకు వేశాయి. సిస్టమ్‌డీ లైబ్రరీ ఎక్స్‌జెడ్ లైబ్రరీని వెంట తెచ్చింది. ద్వారం ఆ అతుకు దారినే తెరుచుకొంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతున్నదని ఆరా తీయబట్టి విషయం బయటపడింది. అతుకు వేయని వ్యవస్థల్లో ఆ దారే లేదు. కారణం తెలియని ఒక ఆధారం ఎంత ప్రమాదకరం కాగలదో ఈ ఘటన చూపింది.

అదే ఘటన మూలనిర్మాతలకు కూడా ఒక హెచ్చరిక. దాడిని రగిలించే భాగం అందరూ చూసే మూలభాండారంలో లేదు. విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉంది. మూలం నుంచి కంపైల్ చేసినంత మాత్రాన మూలాన్ని చదివినట్లు కాదు. కంపైలర్‌లోనే మోసం దాగి ఉంటే మూలం ఎంత చదివినా కనిపించదని కెన్ థాంప్సన్ 1984లో తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలోనే హెచ్చరించాడు. కనుక కనీస వ్యవస్థ విశ్వాసాన్ని రద్దు చేయదు. ఎవరెవరిని విశ్వసిస్తున్నామో ఆ జాబితాను చదవదగినంత చిన్నదిగా చేస్తుంది, అంతే.

7. పరిష్కరణ దృష్టి

తాళపత్ర ప్రతులను పోల్చి పాఠనిర్ణయం చేసే పరిష్కర్తకు కూడా తొలగింపు తప్పదు. ఒక పద్యం ప్రక్షిప్తమని తోచవచ్చు. అయితే ఏ ప్రతిలో ఉంది, ఏ ప్రతిలో లేదు, ఎందుకు విడిచాము అన్నది పీఠికలోనో అధోజ్ఞాపికలోనో నమోదు చేసినప్పుడే ఆ తొలగింపు శాస్త్రీయమవుతుంది. నమోదు లేని తొలగింపు పాఠాన్ని శుద్ధి చేయదు, నష్టపరుస్తుంది; తరువాతి పరిశోధకుడికి దానిని సరిదిద్దే అవకాశం కూడా మిగలదు.

జెంటూ ఆకృతి ఫైళ్లలో ప్రతి యూజ్ గుర్తు పక్కన వాడుకరి ఒక వ్యాఖ్య రాసుకోవచ్చు. యంత్రం దానిని పట్టించుకోదు. అది మనిషి కోసం. ‘తెలుగు లోకేల్ – పదసూచిక వరుస కోసం’, ‘ఈ ఫాంటు – ఴ, ౚ కోసం’ అన్న రెండు వ్యాఖ్యలు ఉండి ఉంటే ఈ వ్యాసకర్త పదసూచికను రెండవసారి అచ్చు తీయించవలసి వచ్చేది కాదు. ఎల్లిస్ చర్చ బోధించేది కూడా ఇదే. తత్సమం భాషలో ఉండడం దోషం కాదు. అది తత్సమమని తెలియకపోవడం వ్యాకర్తకు దోషం.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. కనీస వ్యవస్థ అనే భావన యునిక్స్ పుట్టుకలోని పేదరికం నుంచి వచ్చి, మూలాన్ని మనిషి చదవగలగాలన్న విద్యాదర్శంతో బలపడింది. లయన్స్ వ్యాఖ్య చరిత్ర దీనికి సాక్ష్యం.

2. మూలం నుంచి నిర్మించుకోవడంలోని ప్రధాన ప్రయోజనం నిర్ణయాధికారం. వరల్డ్ పట్టిక, డెప్‌క్లీన్, యూజ్ గుర్తులు ఆ అధికారాన్ని అమలుచేసే సాధనాలు.

3. పంక్తుల సంఖ్యతోనో, ప్యాకేజీల సంఖ్యతోనో కొలిచే కనీసం లిపినిరపేక్షం కాదు. సంయోజన, వరుసక్రమం, విస్తృత అక్షరసముదాయం తెలుగుకు అలంకారాలు కావు, అంగాలు.

4. 2024 నాటి ఎక్స్‌జెడ్ ఉదంతం కారణం లేని ఆధారాల ప్రమాదాన్నీ, మూలనిర్మాణం పరిమితినీ ఒకేసారి చూపింది.

5. ప్రతి చేర్పుకూ, ప్రతి తొలగింపుకూ కారణం నమోదు కావడమే కనీసానికి ఆచరణయోగ్యమైన నిర్వచనం. పరిష్కరణ సంప్రదాయంలో శిక్షణ పొందిన తెలుగు పరిశోధకులకు ఈ పద్ధతి కొత్తది కాదు.

సిద్ధాంతవ్యాసం సమర్పించేటప్పుడు ఆధారగ్రంథాల పట్టిక ఇవ్వడం నియమం. ఆ పాఠం ఏ యూనికోడ్ ప్రచురణను, ఏ ఫాంటును, ఏ లోకేల్‌ను ఆధారంగా చేసుకొని సిద్ధమైనదో తెలిపే చిన్న పట్టికను కూడా దానికి జతచేయడం మంచిది. అశోక్‌నగర్ గదిలో పాత ల్యాప్‌టాప్ మీద సిద్ధమైన పదసూచికను ఇరవై ఏళ్ల తరువాత మరొకరు మరొక యంత్రం మీద తెరిచినప్పుడు, ౘకారం తన చోటున కనిపించడానికి ఆ అరపుట చాలు.